టైలు కింద ఏమున్నది? ఇంటి నేలకు టైల్స్ పరచడం నేర్చుకోదలచినవారికి

పరిచిన టైలు రెండేళ్లకే చిట్లినా, నడుస్తున్నప్పుడు కాలి కింద డొల్లగా మోగినా, స్నానాల గదిలో నీరు తూము వైపు పోక గుమ్మం వైపు వచ్చినా, ఇంటివారు సాధారణంగా టైలును గాని, దానిని అమ్మిన దుకాణాన్ని గాని నిందిస్తారు. చాలా సందర్భాలలో దోషం టైలులో ఉండదు. దాని కింద ఉంటుంది. గట్టిపడని నేల, సరిచూడని మట్టం, సగమే నిండిన మాలు అనే మూడు కారణాలే ఎక్కువ నష్టాలకు మూలం. ఈ పనిని స్వయంగా నేర్చుకోదలచిన కుటుంబం ముందుగా టైలు కింది భాగాన్ని అర్థం చేసుకోవాలి. పైభాగం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

బళ్లారి, రాయచూరు, పావగడ, బాగేపల్లి, హోసూరు, తిరుత్తణి, పర్లాకిమిడి, సిరొంచ ప్రాంతాల తెలుగు పల్లెలలో ఈ పని నేర్చుకోవలసిన అవసరం మరొక కారణం వల్ల కూడా ఏర్పడింది. చేయి తిరిగిన మేస్త్రులు బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు వంటి నగరాలలో నెలల తరబడి సాగే పనులకు పోతుంటారు. ఒక్క గదికో, వసారాకో రెండు రోజుల పని ఉన్నదంటే మనిషి దొరకడు. దొరికినా పెద్ద పని మధ్యలో వచ్చి తొందరగా ముగించి పోతాడు. ఇంట్లో ఇద్దరు ఓపిక గలవారు ఉంటే పది అడుగుల గదిని మూడు నాలుగు రోజులలో తామే పరచుకోగలరు. మేస్త్రి, సహాయకుడు కలిసి అదే గదిని ఒక్క రోజులో ముగిస్తారన్నది నిజమే. ఇంటివారికి మిగిలేది కూలి మాత్రమే. సరుకు ఖర్చు తగ్గదు. మొదటిసారి చేసేవారి చేతిలో వృథా కొంత పెరుగుతుంది కూడా. ఈ లెక్క తెలిసే పనిలోకి దిగడం మంచిది.

పనిముట్లు, వాటి పేర్లు

సరిహద్దు ఇళ్లలో పనిముట్లకు రెండేసి పేర్లు వినిపిస్తాయి. తెలుగువారి తాపీ తమిళంలో కరణై, కన్నడంలో కరణె. మహారాష్ట్ర వైపు అది థాపీయే. తెలుగు మేస్త్రి రసమట్టం అన్నదానిని కన్నడ మేస్త్రి రసమట్ట అంటాడు, తమిళ మేస్త్రి రసమట్టమే అంటాడు. మూలమట్టం, మూలైమట్టం, మూలెమట్ట కూడా ఇలాంటివే. నీరు జారిపోవడానికి ఇచ్చే వాలును మనవారు వాటం అంటారు. తమిళంలో అది వాట్టం, కన్నడంలో ఇళిజారు. పక్క రాష్ట్రపు మేస్త్రి వద్ద ఒక రోజు సహాయకుడిగా నిలబడి పని చూడదలచిన వారికి ఈ నాలుగు మాటలు చాలు. అలా ఒక రోజు చూడటం ఏ పుస్తకం కన్నా మేలు.

కొనవలసినవి ఎక్కువేమీ కావు. తాపీ, రెండడుగుల రసమట్టం, మూలమట్టం, ఆరడుగుల అల్యూమినియం బద్ద, రబ్బరు సుత్తి, కొలత టేపు, గట్టి నూలు దారం, పదిహేను ఇరవై అడుగుల పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టం, రెండు మిల్లీమీటర్ల స్పేసర్లు, స్పాంజి, రెండు బక్కెట్లు, రబ్బరు చేతితొడుగులు. పార, ఇనుప తట్ట ప్రతి రైతు ఇంటిలోనూ ఉంటాయి. కోత యంత్రాన్ని కొనక్కరలేదు, అద్దెకు దొరుకుతుంది.

బండయా, టైలా

ఈ ప్రాంతాలకు రాతి బండలు పరాయివి కావు. కర్ణాటకలోని కలబురగి జిల్లా షాబాదు బండ, తెలంగాణలోని వికారాబాదు జిల్లా తాండూరు బండ, నంద్యాల జిల్లా బేతంచెర్ల బండ, కడప నల్లబండ అన్నీ సున్నపురాయి జాతివే. కడప బండను ఇతర రాష్ట్రాలలో కడప్ప అనే పిలుస్తారు. అక్కడి వంటింటి గట్లపై ఇది కనిపిస్తుంది. సున్నపురాయి కావడం వల్ల ఈ బండలపై ఆమ్లం పడరాదు. నిమ్మరసం, చింతపండు పులుసు, మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆసిడ్ ఏది పడినా మెరుపు పోయి మచ్చ నిలుస్తుంది. పని ముగిశాక సిమెంటు మరకలు పోవాలని ఆసిడ్‌తో కడగడం మన పల్లెలలో తరచుగా జరిగే పొరపాటు. బండల మందం ఒకదానికొకటి తేడాగా ఉంటుంది కనుక వాటి కింద మాలు మందంగా కావాలి. ఒక్కొక్క బండను దాని మందాన్ని బట్టి సరిపెట్టుకోవాలి. అందుచేత మొదటిసారి నేర్చుకొనేవారికి బండ కన్నా టైలే సులువు.

మార్కెట్‌లోని టైల్స్‌లో అధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ ప్రాంతం నుంచి వస్తాయి. పెట్టె మీద చూడవలసినవి రెండు. మొదటిది టైలు నీటిని పీల్చే శాతం. నీటిని అర శాతానికి మించి పీల్చనివి సాధారణంగా విట్రిఫైడ్ తరగతికి చెందుతాయి. పది శాతానికి మించి పీల్చేవి గోడకు వాడేవి, నేలకు పనికిరావు. గోడ టైల్స్ చౌకగా ఉన్నాయని తెచ్చి నేలకు పరిస్తే మంచం కోడు కింద పగులుతాయి. రెండవది బ్యాచ్ సంఖ్య, రంగు ఛాయ గుర్తు. నాలుగు టైల్స్ తగ్గాయని మళ్లీ దుకాణానికి పోతే అదే పేరు గల టైలు కొద్దిగా వేరే ఛాయలో వస్తుంది. పక్క రాష్ట్రపు పట్టణం నుంచి తెచ్చుకొన్నవారికి ఆ ప్రయాణం కూడా దండుగ. విప్పని పెట్టెలను తిరిగి తీసుకొంటారా అని కొనేటప్పుడే అడిగి బిల్లుపై రాయించుకోవాలి.

మెరుగు పెట్టిన విట్రిఫైడ్ టైలు తడిస్తే జారుతుంది. అవ్వాతాతలు తిరిగే ఇంటిలో వసారాకు, స్నానాల గదికి, పెరటి గుమ్మం వద్ద గరుకు టైలు తప్పనిసరి. జారుడుకు తట్టుకొనే శక్తిని కొన్ని కంపెనీలు ఆర్ 9 నుంచి ఆర్ 13 వరకు అంకెలతో సూచిస్తాయి; అంకె పెరిగినకొద్దీ పట్టు ఎక్కువ. అందం విషయంలో ఇంటిల్లిపాదీ వాదించుకోవచ్చు గాని, ఈ విషయంలో వాదనకు తావులేదు.

కొనడానికి ముందు గది లెక్క

పది అడుగుల గదికి రెండడుగుల టైల్స్ ఐదు వరుసలు సరిగ్గా సరిపోతాయని అందరూ అనుకొంటారు. సరిపోవు. దుకాణంలో రెండడుగులదిగా చెప్పే టైలు నిజానికి 600 మిల్లీమీటర్లు, రెండడుగులంటే 610. పది అడుగులు 3050 మిల్లీమీటర్లు. రెండు గోడల వద్ద ఆరేసి మిల్లీమీటర్ల సందు వదిలితే మిగిలేది 3038. ఐదు టైల్స్‌కు, వాటి సందులకు కలిపి 3010 పోగా 28 మిల్లీమీటర్లు, అంటే సుమారు మూడు సెంటీమీటర్ల పీలిక మిగులుతుంది. అంత సన్నని పీలికను కోయడం కష్టం, అతికించడం కష్టం, చూడటానికి అంతకన్నా వికారం.

దీనికి మార్గాలు ఉన్నాయి. ఐదు వరుసలను గది మధ్యకు జరిపితే ఆ మిగులు రెండు గోడలకూ చెరిసగం అవుతుంది. గోడ వంకర లేకుండా ఉంటే స్కర్టింగ్ వెనుక మాలు కొంచెం మందంగా పెట్టి ఆ సందును కప్పివేయవచ్చు. గోడ వంకరగా ఉంటే నాలుగు వరుసలు మధ్యలో నిండుగా వేసి, ఇరువైపులా 31 సెంటీమీటర్ల ముక్కలు వేయాలి. చూడటానికి ఇది చక్కగా ఉంటుంది గాని, 60 సెంటీమీటర్ల టైలు నుంచి 31 సెంటీమీటర్ల ముక్క ఒక్కటే వస్తుంది. 26 టైల్స్ విస్తీర్ణం గల గదికి 36 టైల్స్ కావలసివస్తాయి. ఇంత వృథా ఇష్టం లేనివారు 400 మిల్లీమీటర్ల టైలును ఎన్నుకోవచ్చు. ఏడు వరుసలు నిండుగా, ఎనిమిదవది 22 సెంటీమీటర్ల ముక్కగా కుదురుతుంది. మొత్తం 64 టైల్స్. చిన్న టైలు తేలిక, మట్టం చేయడం సులువు, ఒకటి పగిలినా నష్టం తక్కువ. మొదటిసారి పరిచేవారికి ఈ కొలతే తగినది.

గదులు చెప్పిన కొలతలో ఉండటం అరుదు. అందుచేత గది పొడవును మూడు చోట్ల, వెడల్పును మూడు చోట్ల, మూలనుంచి మూలకు రెండు కర్ణాలను కొలిచి కాగితంపై బొమ్మ గీసుకోవాలి. రెండు కర్ణాల కొలతల్లో తేడా వస్తే గది మూలలు సరిగా లేవన్నమాట. అప్పుడు గోడను నమ్మి వరుస మొదలుపెట్టరాదు. గది మధ్యలో దారం కట్టి, ఒక వైపు మూడడుగులు, దానికి అడ్డంగా నాలుగడుగులు గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య ఐదడుగులు వచ్చేవరకు దారాన్ని జరిపితే లంబం కుదురుతుంది. బడిలో పిల్లలు నేర్చుకొనే సూత్రమే ఇది. ఇంటి పిల్లల చేతికి టేపు ఇచ్చి కొలిపించవచ్చు.

సరుకు లెక్క కూడా ఇక్కడే. పది అడుగుల గదికి మూడు సెంటీమీటర్ల మందంలో, సిమెంటు ఒక పాలు, ఇసుక ఐదు పాళ్ల మాలు వేస్తే సుమారు ఒకటిమ్ముప్పావు బస్తా సిమెంటు, 11 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. టైలు కింద పోసే సిమెంటు పాలకు మరొక 30 కిలోలు. స్కర్టింగ్‌తో కలిపి మూడు బస్తాలు తెచ్చుకొంటే మధ్యలో ఆగిపోనక్కరలేదు. బస్తాపై తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటినదాన్ని, గడ్డలు కట్టినదాన్ని తీసుకోరాదు. ఇసుకను పిడికిట పట్టి వదిలినప్పుడు అరచేతికి బురద అంటితే కడగవలసిందే, లేదా మార్చవలసిందే.

నేల సంగతి

రాయచూరు, బళ్లారి, ఆదోని వైపు నల్లరేగడి నేలలు. వర్షానికి ఉబ్బి ఎండకు చీలే ఈ మట్టి మీద నేరుగా కాంక్రీటు వేసిన ఇళ్లలో టైల్స్ ఎంత జాగ్రత్తగా పరిచినా చీలుతాయి. అటువంటి చోట రేగడిని తవ్వి తీసి, మొరం పొరలు పొరలుగా నింపి, ఒక్కొక్క పొరను నీరు చల్లి దిమ్మెస కొట్టి, దానిపై కాంక్రీటు వేయడం అవసరం. ఈ పని టైల్స్ పనికి కనీసం రెండు మూడు వారాల ముందే జరగాలి. పాత గచ్చులో పొడవైన చీలిక ఉండి, అది ఏటేటా పెరుగుతుంటే టైలు దానిని దాచదు. చీలిక టైలు మీదికే వస్తుంది. కదలని సన్నని చీలికలైతే భయం లేదు.

పాత గచ్చు నున్నగా ఉంటే మాలు పట్టదు. ఉలితో అంగుళానికొక గాటు చొప్పున కొట్టి, దుమ్ము ఊడ్చి, కడగాలి. ఎర్ర ఆక్సైడ్ గచ్చు అయితే గాట్లు మరీ దగ్గరగా కావాలి. నూనె మరకలు ఉన్న వంటింటి నేలను ముందు సబ్బునీటితో రుద్ది కడగాలి.

మట్టం తీయడం

పని మొత్తంలో తొందరపడకూడని ఘట్టం ఇది. పొడవైన ప్లాస్టిక్ గొట్టంలో బుడగలు లేకుండా నీరు నింపి, ఒక కొనను ఒక మూల, మరొక కొనను మరొక మూల పట్టుకొంటే రెండు చోట్లా నీటిమట్టం ఒకే ఎత్తులో నిలుస్తుంది. లోపల చిన్న గాలి బుడగ ఉన్నా కొలత తప్పుతుంది. చూసేటప్పుడు రెండు కొనలూ తెరిచే ఉండాలి. నేలకు సుమారు మీటరు ఎత్తున నాలుగు గోడలపై ఇలా గుర్తులు పెట్టి, రంగు దారంతో గీత కొట్టాలి. ఈ గీత పని ముగిసేవరకు చెరగరాదు.

ఇక ఆ గీత నుంచి నేల వరకు ఎంత దూరమో పది పన్నెండు చోట్ల కొలవాలి. ఉదాహరణకు ఒకచోట 97 సెంటీమీటర్లు, మరొకచోట 100 వచ్చిందనుకొందాం. దూరం తక్కువ వచ్చినచోటే నేల ఎత్తు. ఆ ఎత్తయిన చోట కనీసం రెండు సెంటీమీటర్ల మాలు, దానిపై తొమ్మిది మిల్లీమీటర్ల టైలు పడాలి. అంటే టైలు పైభాగం గీతకు 94.1 సెంటీమీటర్ల దిగువన ఉండాలి. గదిలో ప్రతి టైలుకూ అదే కొలత. పల్లంగా ఉన్నచోట మాలు ఐదు సెంటీమీటర్ల వరకు మందం వస్తుంది. అంతకు మించితే ఆ పల్లాన్ని ముందురోజే సన్నకంకర కాంక్రీటుతో పూడ్చాలి. మందపాటి మాలు ఆరుతూ కుంగిపోతుంది.

ఈ లెక్క కాగితం మీద ఉండగానే తలుపు దగ్గరకు పోయి చూడాలి. తలుపు కింది అంచుకు కొత్త నేల తగులుతుందా? పక్కగది నేలకన్నా ఈ గది ఎంత ఎత్తవుతుంది? చాలా ఇళ్లలో టైల్స్ పరిచిన మరునాడే తలుపు మూసుకోదు, వడ్రంగిని పిలవవలసి వస్తుంది. తలుపును ముందే విప్పి, అవసరమైనంత కోయించి పెట్టుకోవడం తెలివైన పని. కాళ్లు తట్టుకొనేలా అంగుళం మెట్టు మిగిలితే వృద్ధులు పడిపోయే ప్రమాదం ఉంది. ఎత్తు తగ్గించడం వీలుకాకపోతే మాలు పద్ధతి వదలి జిగురు పద్ధతి వైపు పోవాలి.

పరచడం

నేలను ముందురోజు రాత్రి తడిపి, ఉదయానికి తడి ఉండేలా, నీరు నిలవకుండా చూడాలి. సిమెంటు, ఇసుకలను పొడిగానే రెండుసార్లు తిరగవేసి కలిపి, ఆ తరువాత కొద్దికొద్దిగా నీరు చల్లాలి. ఇడ్లీ పిండిలా జారే మాలు ఇక్కడ పనికిరాదు. పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల నుంచి నీరు కారకూడదు. ఒకసారి కలిపినది గంటలోపు వాడెయ్యాలి. గట్టిపడుతున్న మాలులో మళ్లీ నీరు పోసి కలపడం వల్ల సిమెంటు బలం పోతుంది. సిమెంటు దండుగవుతుందనే ఆలోచనతో చేసే ఈ పనే తరువాత టైలును లేపుతుంది.

తలుపుకు దూరంగా ఉన్న గోడ నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కు రావాలి. నాలుగు మూలల్లో నాలుగు టైలు ముక్కలను మాలు ముద్దలపై అమర్చి, గోడ గీతకు కొలిచి, సరైన ఎత్తుకు తేవాలి. వాటి మధ్య దారం కడితే వరుసకు మార్గం దొరుకుతుంది. నేలపై పలుచని సిమెంటు పాలు చల్లి, ఒకటి రెండు వరుసలకు సరిపడా మాలు మాత్రమే పరచి, బద్దతో లాగి సమం చేయాలి. కావలసిన మట్టం కన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుగానే ఉంచాలి. తట్టినప్పుడు ఆ మేరకు దిగుతుంది.

ఇప్పుడు టైలును సిమెంటు పాలు లేకుండా ఊరకే ఆ మాలుపై ఉంచి రబ్బరు సుత్తితో తట్టి, రసమట్టం పెట్టి చూసి, తిరిగి పైకి ఎత్తాలి. ఎత్తిన తరువాత మాలును చూడటంలోనే విద్య అంతా ఉంది. టైలు అచ్చు మాలుపై అంతటా పడితే కింద నిండుగా ఉన్నట్టు. మధ్యలోనో మూలలోనో అచ్చు పడనిచోట గుంట ఉన్నట్టు. అక్కడ చిటికెడు మాలు వేసి, మళ్లీ ఉంచి, తట్టి, మళ్లీ ఎత్తి చూడాలి. కొత్తవారికి ఒక్కొక్క టైలుకు మూడు నాలుగుసార్లు ఇలా చేయవలసివస్తుంది. విసుగనిపించినా పది టైల్స్ దాటాక చేతికి అంచనా వస్తుంది. తొందరలో ఉన్న మేస్త్రి వదిలివేసేది ఈ దశనే. ఇంటివారు చేసిన పని కొన్నిసార్లు మేస్త్రి పని కన్నా గట్టిగా నిలవడానికీ కారణం ఇదే.

అచ్చు నిండుగా పడిన తరువాత తేనె చిక్కదనంలో కలిపిన సిమెంటు పాలను ఆ మాలుపై పోసి, టైలును శాశ్వతంగా దించాలి. టైలు వెనుక భాగంలో తెల్లని పొడి ఉంటుంది. కొలిమిలో అతుక్కోకుండా పూసినది అది. దానిని తడిగుడ్డతో తుడవకపోతే పట్టు నిలవదు. నీటిని పీల్చే సిరామిక్ టైల్స్‌ను బుడగలు రావడం ఆగేవరకు నీటిలో నానబెట్టి, నీరు ఓడ్చి వాడాలి. లేకపోతే అవి మాలులోని తేమను లాగేసుకొంటాయి. విట్రిఫైడ్‌కు నానబెట్టే పని లేదు. తట్టడం మధ్య నుంచి అంచులకు సాగాలి. మూలపై గట్టిగా కొడితే మూల చిట్లుతుంది. రెండు టైల్స్ కలిసేచోట గోరుతో గీసి చూస్తే ఎత్తు తేడా కళ్లకు కనపడకపోయినా తెలిసిపోతుంది. సందుల్లో స్పేసర్లు పెట్టి, పైకి వచ్చిన సిమెంటును అప్పటికప్పుడే తుడవాలి.

గోడ వద్ద వదలమన్న ఆరు మిల్లీమీటర్ల సందును మాలుతో పూడ్చరాదు. వేసవిలో టైల్స్ కొద్దిగా వ్యాకోచిస్తాయి. జరగడానికి చోటు లేకపోతే గది మధ్యలో రెండు మూడు టైల్స్ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో గుడారంలా లేస్తాయి. దీనికి దిష్టి అనీ, వాస్తు దోషమనీ పేర్లు పెట్టేవారున్నారు. కారణం ఆ సందు లేకపోవడం, కింద పట్టు చాలకపోవడం.

జిగురు పద్ధతి

విట్రిఫైడ్ టైలు నీటిని దాదాపు పీల్చదు కనుక సిమెంటు పాలకు దాని పట్టు తక్కువ. అందుచేత టైలు కంపెనీలు దానికి జిగురునే సిఫారసు చేస్తాయి. జిగురు బస్తాపై ఐఎస్ 15477 అన్న సంఖ్య, ఏ రకపు టైలుకో సూచించే తరగతి ఉంటాయి. నేల ముందే మట్టంగా ఉంటే పళ్ల తాపీతో జిగురును ఒకే దిక్కుకు గీతలుగా లాగి టైలు నొక్కితే చాలు. మొత్తం ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లకు మించదు. తలుపు సమస్య తీరుతుంది. అయితే జిగురు పల్లాలను పూడ్చదు. ఐదు ముద్దలు పెట్టి టైలు అతికించడం పూర్తిగా తప్పు. ముద్దల మధ్య డొల్లగా ఉంటుంది. మధ్యమధ్య ఒక టైలును ఎత్తి వెనుక అంతటా జిగురు అంటిందో లేదో చూడాలి. పరిచిన జిగురు పైపొర ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా ఎండుతుంది. మన వేసవిలో ఇంకా ముందే ఎండుతుంది. ఎండినదాన్ని గీకి తీసి కొత్తది వేయాలి.

కోత, ప్రమాదం

పనిలో ప్రాణానికి సంబంధించిన భాగం ఇదొక్కటే. టైలు, రాయి కోసేటప్పుడు లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. ముఖానికి తువ్వాలు చుట్టుకోవడం రక్షణ కాదు. ఎన్95 తరగతి మాస్కు, కళ్లద్దాలు కావాలి. గది లోపల కోయరాదు. పెరటిలో, గాలి వెళ్లే దిక్కుకు ఎవరూ లేకుండా చూసి కోయాలి. బ్లేడుపై నీరు పడుతుంటే దుమ్ము లేవదు. కాని నీరు, కరెంటు ఒకేచోట చేరాయి కనుక ఎర్త్ ఉన్న ప్లగ్గు, షాక్ తగిలిన క్షణంలో సరఫరాను తెంచే బ్రేకర్ ఉన్న లైను నుంచే యంత్రాన్ని నడపాలి. అటువంటి లైను లేని ఇంటిలో కరెంటు యంత్రాన్ని నడపకపోవడమే మంచిది. నేరుగా ఉన్న కోతలకు చేతితో గీసి విరిచే కట్టరు చాలు. దుమ్మూ ఉండదు, కరెంటూ అక్కరలేదు. వంకర కోతలను గుర్తు పెట్టి పట్టణంలోని దుకాణంలో కోయించుకోవచ్చు.

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. మోకాళ్లపై గంటల తరబడి తడి మాలులో కూర్చొన్నవారికి సాయంత్రానికి గాని మంట తెలియదు. చేతితొడుగులు, మోకాళ్ల కింద ప్లాస్టిక్ కప్పిన గోనెపట్టా అవసరం.

స్నానాల గది

మొదటి ప్రయత్నానికి స్నానాల గదిని ఎన్నుకోరాదు. ఇక్కడ నేల మట్టంగా ఉండటమే తప్పు. తూము వైపు మీటరుకు ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల వాటం కావాలి. గుమ్మం వద్ద ఈ గది పక్కగది కన్నా అంగుళం దిగువన ఉండాలి. టైల్స్ కింద నీరు దిగకుండా రసాయన పూత వేసి, తూము మూసి, ఒక రోజు నీరు నిలిపి, పక్కగోడ చెమర్చలేదని చూసిన తరువాతే టైల్స్ పరచాలి. టైలు గాని, గ్రౌట్ గాని నీటిని ఆపవు. ఒక వసారా, ఒక గది చేతి మీదుగా ముగిసిన తరువాత దీనికి పూనుకోవచ్చు. మేడ మీది స్నానాల గది అయితే మాత్రం మేస్త్రికే వదలడం ఉత్తమం.

పరిచిన తరువాత

కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఎవరూ తొక్కకూడదు. కోళ్లు, మేకపిల్లలు రాకుండా గుమ్మానికి పలక అడ్డం పెట్టాలి. మాలు పద్ధతిలో వేసినదానిని ఏడు రోజులు తడిగోనెలతో కప్పి ఉంచాలి. సందుల్లో గ్రౌట్‌ను రబ్బరు పలకతో మూలగా లాగుతూ నింపి, అరగంట తరువాత పిండిన స్పాంజితో తుడిస్తే సరిపోతుంది. చివరగా స్కర్టింగ్. బరువైన బీరువాను వారం దాటాక, కింద గోనె వేసి జరపాలి.

ఈ పనిలో చేయి కుదిరి, దానినే జీవనోపాధిగా చేసుకొన్న యువకులకు ఒక అవకాశం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తులలో తాపీ పని ఒకటి. ప్రాథమిక శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం ఇందులో ఉన్నాయి. కుటుంబానికి ఒకరికే అవకాశం. వయసు 18 నిండాలి.

ఎనిమిదవ రోజున ఒక నాణెంతో ప్రతి టైలునూ మధ్యలో, నాలుగు మూలల్లో తట్టి చూడాలి. గట్టి శబ్దం వస్తే సరే. ఒక మూల మాత్రం డొల్లగా మోగితే, అది నడక లేని చోటైతే వదిలేయవచ్చు. మధ్యలో మోగినా, గుమ్మం వద్ద మూల మోగినా ఆ టైలును తీయవలసిందే. చుట్టూ గ్రౌట్‌ను గీకి తొలగించి, టైలు మధ్యలో ఉలితో పగలగొట్టి, మధ్య నుంచి అంచులకు ముక్కలు తీయాలి. అంచు నుంచి మొదలుపెడితే పక్క టైలు పగులుతుంది. కింద పాత మాలును సెంటీమీటరు లోతుకు చెక్కి, తడిపి, కొత్త టైలును జిగురుతో అమర్చాలి. ఇందుకోసమే ఐదారు టైల్స్ మిగుల్చుకొని, వాటి పెట్టె అట్టను బ్యాచ్ సంఖ్య కనిపించేలా చించి, అటక మీద టైల్స్‌తో పాటే కట్టి ఉంచాలి.